ఇస్లాం వివాహ ధర్మం: విశ్వాసం, సమాజం, సమ్మతి

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా సర్జాపురలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక పాఠశాల డెబ్బై ఐదు సంవత్సరాలు నిలిచిందంటే తాత, తండ్రి, మనుమడు ఒకే ఆవరణలో ఓనమాలు దిద్దారని అర్థం. తెలుగు మాధ్యమ పాఠశాల హాజరు పట్టీని ఏ సంవత్సరానిది తీసి చూసినా అందులో వెంకటేశుతో పాటు మస్తాన్, లక్ష్మీదేవితో పాటు హుసేన్‌బీ కనబడతారు. వీరంతా ఒకే వాచకం చదువుకున్నారు, ఒకే ఎక్కం వల్లె వేశారు. పెద్దవారైన తరువాత ఒకరి పెళ్లికి ఒకరు వెళ్లి భోజనం చేసి వచ్చారు. అయితే పందిట్లో విందు ఆరగించిన వారిలో ఎందరికి ఆ తెర వెనుక జరిగిన నికాహ్ స్వరూపం తెలుసు? పొరుగువాని పండుగ తెలిసినంతగా పొరుగువాని ధర్మం తెలియకపోవడం మన గ్రామ జీవితంలో ఒక లోటు. అందుచేత ఈ సభలో ఇస్లాం వివాహ ధర్మాన్ని గురించి, దానిలో విశ్వాసానికీ సమాజానికీ గల సంబంధాన్ని గురించి నాలుగు మాటలు ముచ్చటించుకోవడం సముచితం.

ఈ విషయానికి సర్జాపుర తగిన స్థలం. బెంగళూరు నగర జిల్లా ఆనేకల్ తాలూకాలో, తమిళనాడు సరిహద్దుకు చేరువలో ఉన్న ఈ ఊరి సంతలో కన్నడం, తెలుగు, తమిళం, దక్కనీ ఉర్దూ నాలుగూ వినిపిస్తాయి. ఈనాడు సాఫ్ట్‌వేర్ కార్యాలయాలకు పోయే రహదారి పేరుగా లోకానికి తెలిసిన సర్జాపుర, పూర్వం నాణ్యమైన నూలు వస్త్రాల నేతకు పేరు పొందినది. నూలు ఉన్నచోట నేతగాడు ఉంటాడు. నేతగాని వెనుక, దూదిని ఏకి శుభ్రం చేసి ఇచ్చే మనిషి ఒకడు ఉంటాడు. ఆ మనిషి పేరే తెలుగునాట దూదేకుల. నూర్‌బాషా, పింజారి అన్నా వారే. కన్నడ సీమలో పింజార, నదాఫ్ అంటారు.

దూదేకుల వారు ముస్లిములు. కాని వారిలో అత్యధికుల మాతృభాష తెలుగు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ ప్రచురించిన దక్షిణ భారత కులాల గ్రంథం కూడా వీరి తెలుగు మాటను, హిందువుల ఆచారాలతో కలగలసిన వీరి జీవన విధానాన్ని పేర్కొన్నది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి శిష్యునిగా ప్రసిద్ధుడైన సిద్ధయ్య దూదేకుల కులస్థుడని సంప్రదాయం చెబుతున్నది. బుర్రకథా పితామహుడుగా మన్ననలందుకొని 1986లో పద్మశ్రీ పొందిన షేక్ నాజర్ ఈ సముదాయం నుండే వచ్చారు. ఆయన జీవితకథకు ‘పింజారి’ అన్న పేరే పెట్టారు. కులం పేరు ఎత్తి ఎవరైనా చిన్నచూపు చూసిన చోటే తలయెత్తి నిలబడిన పేరు అది.

ఇక ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే షేకులు, సయ్యదులు, పఠానుల పిల్లలలో సైతం చాలామంది బడిలో చదివేది తెలుగో కన్నడమో. ఉర్దూ మాట వచ్చును, లిపి రాదు. ఈ సంగతి చిన్నదిగా కనబడుతుంది. కాని వివాహం దగ్గరకు వచ్చేసరికి ఇదే పెద్ద ప్రశ్న అవుతుంది. ఎట్లాగో ముందుకు పోయిన కొద్దీ స్పష్టం కాగలదు.

హిందూ ధర్మంలో వివాహం సంస్కారం. ఇస్లాం ధర్మశాస్త్రంలో నికాహ్ ఒక ఒప్పందం. 1886లో అలహాబాదు హైకోర్టు న్యాయమూర్తి సయ్యద్ మహమూద్ ఒక ప్రసిద్ధమైన తీర్పులో దీనిని పౌర ఒప్పందమని నిర్వచించారు. ఆ మాట విని కొందరు, ఇది కేవలం వ్యాపారపు కరారు వంటిదేమో అనుకుంటారు. అది పొరపాటు. ఖురాన్ నాల్గవ అధ్యాయం ఈ ఒప్పందాన్ని గట్టి ప్రతిజ్ఞ అన్న అర్థం గల పదంతో పేర్కొన్నది. ముప్పయ్యవ అధ్యాయం దంపతుల నడుమ గల ప్రేమను, దయను దైవ నిదర్శనాలలో ఒకటిగా లెక్కించింది. రెండవ అధ్యాయం భార్యాభర్తలను ఒకరికొకరు వస్త్రంగా పోల్చింది. వస్త్రం ఒంటిని అంటిపెట్టుకొని ఉంటుంది, చలినుండి కాపాడుతుంది, లోపాన్ని నలుగురి కంటపడనీయదు. నేతకు పేరుపడ్డ ఊరివారికి ఈ ఉపమానాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

ఒప్పందం కనుక దానికి అంగాలు ఉన్నవి. ఒకరు ప్రతిపాదించాలి, మరొకరు అంగీకరించాలి. వీటినే ఈజాబ్, ఖుబూల్ అంటారు. ఈ రెండు మాటలూ ఒకే సమావేశంలో, సాక్షులు వింటుండగా జరగాలి. మన ప్రాంతపు ముస్లిములలో అధిక సంఖ్యాకులు అనుసరించే హనఫీ సంప్రదాయం ఇద్దరు పురుషులనో, ఒక పురుషుని, ఇద్దరు స్త్రీలనో సాక్షులుగా కోరుతుంది. వరుడు వధువుకు మహర్ ఇవ్వాలి. ఖాజీగారు ఖుత్బా చదివి దువా చేయడం ఆచారం, శోభ. కాని నికాహ్‌కు ప్రాణం ఖాజీగారి ఉపన్యాసం కాదు, ఆ ఇద్దరి అంగీకారం.

యుక్తవయస్సు వచ్చిన స్త్రీ సమ్మతి లేని వివాహం హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం చెల్లదు. ప్రవక్త మహమ్మద్ వారి కాలంలో ఖన్సా బిన్త్ ఖిదామ్ అనే స్త్రీని ఆమె తండ్రి ఆమె ఇష్టానికి విరుద్ధంగా ఒకరికి ఇచ్చి చేశాడు. ఆమె ప్రవక్త వారి సన్నిధికి వచ్చి విన్నవించుకోగా ఆయన ఆ వివాహాన్ని రద్దు చేశారని హదీసు గ్రంథాలలో అత్యంత ప్రామాణికమైన బుఖారీ సంకలనం చెబుతున్నది. ప్రవక్త వారి వివాహమే ఇందుకు మరొక నిదర్శనం. హజ్రత్ ఖదీజా మక్కా నగరంలో పేరుగల వర్తకురాలు, వితంతువు. తన సరకును సిరియాకు తీసుకొనిపోయి నిజాయితీగా వ్యాపారం చేసి వచ్చిన యువకుని గుణం చూసి, వివాహ ప్రస్తావన తానే పంపింది. పెండ్లి మాట స్త్రీ నోట రావడం సిగ్గుచేటని భావించేవారికి ఈ చరిత్ర సమాధానం.

మరి ఆచరణలో ఏమి జరుగుతున్నది? ఒక సామాన్యమైన నికాహ్‌ను ఊహించండి. బయట షామియానా కింద వరుడు, ఖాజీగారు, పెద్దలు కూర్చొని ఉంటారు. లోపల గదిలో స్త్రీల మధ్య వధువు ముసుగుతో కూర్చొని ఉంటుంది. వధువు పక్షాన వకీలు, ఇద్దరు గవాలు, అంటే సాక్షులు, ఆ గది గుమ్మం వద్దకు వస్తారు. ఫలానా వారి కుమారుడు ఫలానా వారితో, ఇంత మహర్‌కు, నీ నికాహ్ చేయడానికి సమ్మతమేనా అని అడుగుతారు. ఆ పిల్ల పలకదు. మళ్లీ అడుగుతారు. పక్కనున్న మేనత్తో పెద్దమ్మో తలమీద చేయి వేసి కాస్త వంచుతుంది. ఎవరో “ఊఁ అన్నది” అంటారు. వచ్చినవారు తృప్తిగా వెనుదిరుగుతారు. ఒక కాగితం లోపలికి వస్తుంది. వేలు చూపించిన చోట ఆమె సంతకం చేస్తుంది.

కన్య మౌనం అంగీకారమే అని హదీసులో ఉన్న మాట నిజం. కాని ఆ మాట ఎందుకు వచ్చింది? సిగ్గుచేత నోరు విప్పలేని పిల్లను బలవంతంగా మాట్లాడించవద్దన్న దయతో వచ్చింది. అడగకుండానే పెండ్లి చేయవచ్చునని చెప్పడానికి రాలేదు. మౌనం సమ్మతి కావాలంటే ఆ మౌనానికి ముందు ప్రశ్న అర్థం కావాలి. ఖుత్బా అరబ్బీలో, ప్రశ్న ఉర్దూలో, కాగితం ఉర్దూ లిపిలో ఉండి, సమాధానం చెప్పవలసిన పిల్ల తెలుగులో ఆలోచిస్తున్నదనుకుందాము. ఆమె తన జీవితంలో చేసిన అతి ముఖ్యమైన ఒప్పందాన్ని చదవలేకుండానే సంతకం చేసినదన్నమాట. ధర్మం అడిగినది అంగీకారం. దొరికినది సంతకం మాత్రమే.

ఈ భేదం ఎంత దారుణంగా పరిణమించగలదో 1991లో దేశమంతా చూసింది. హైదరాబాదు పాతబస్తీకి చెందిన, బాల్యం దాటని ఒక బాలికను అరవై యేండ్ల విదేశీయునికి ఇచ్చి పెండ్లి చేశారు. అతడు ఆమెను తీసుకొనిపోతుండగా, విమానంలో ఆ పిల్ల ఏడుస్తుండడం చూసి ఒక విమాన పరిచారిక ఆరా తీసింది. విషయం పోలీసులకు, న్యాయస్థానానికి చేరింది. అక్కడ పెండ్లి తంతు జరిగింది, పెద్దలు ఉన్నారు. లేనిది ఒక్కటే, సమ్మతి. పేదరికం తల్లిదండ్రుల చేయి మెలిపెట్టిన మాట నిజమే. అయినా చుట్టూ ఉన్న సమాజంలో ఒక్కరు ఆగి, “ఈ పిల్ల వయస్సెంత, ఈమెను ఎవరైనా అడిగారా?” అని ప్రశ్నించి ఉంటే ఆ విమానం దాకా విషయం వచ్చేది కాదు. భారతదేశంలో బాల్య వివాహ నిషేధ చట్టం 2006లో వచ్చింది. ఆడపిల్లకు పద్దెనిమిది, మగపిల్లవానికి ఇరవై ఒకటి నిండాలని అది నిర్దేశించింది. ఏ మతంలోని తల్లిదండ్రులైనా, బడిలో ఉండవలసిన పిల్లను పందిట్లో కూర్చోబెట్టడం ఆ పిల్లకు చేసే అన్యాయమే.

ఇప్పుడు మహర్ సంగతి చూద్దాము. మహర్ కన్యాశుల్కం కాదు, తండ్రికి ముట్టేది కాదు. అది వధువు సొంత ఆస్తి. స్త్రీలకు మహర్‌ను మనస్ఫూర్తిగా ఇవ్వవలసినదిగా ఖురాన్ నాల్గవ అధ్యాయం ఆరంభంలోనే ఆదేశం ఉన్నది. హజ్రత్ అలీ పేదవాడు. ప్రవక్త కుమార్తె హజ్రత్ ఫాతిమాను వివాహమాడేందుకు తన యుద్ధకవచాన్ని అమ్మి మహర్ సమకూర్చుకున్నాడని సంప్రదాయ చరిత్ర చెబుతున్నది. వీరుడు కవచం విడిచి భార్యకు ధనం ఇచ్చిన మతంలో, భార్య తండ్రి ఇల్లు తాకట్టుపెట్టి అల్లునికి వాహనం కొనిపెట్టే ఆచారం ఎట్లా ప్రవేశించింది?

మహర్ రెండు విధాలు. పెండ్లి నాడే, లేదా అడిగిన వెంటనే ఇవ్వవలసినది ముఅజ్జల్. వివాహం రద్దయినప్పుడు గాని, భర్త మరణించినప్పుడు గాని చెల్లించవలసినది మువజ్జల్. ఉచ్చారణలో దగ్గరగా ఉన్న ఈ రెండు మాటల భేదం తెలియక నష్టపోయిన స్త్రీలు అనేకులు. మహర్ భర్త మీద అప్పు. అతడు చనిపోతే వారసులు వాటాలు పంచుకొనే ముందు ఆ అప్పు తీర్చాలి. ఆ తరువాతనే భార్యకు వారసత్వపు వాటా, సంతానం ఉంటే ఎనిమిదవ వంతు, లేకపోతే నాల్గవ వంతు, వేరుగా వస్తుంది. ఆచారంలో మాత్రం కొన్ని చోట్ల తొలిరాత్రే “మహర్ మాఫ్ చేశానని చెప్పు” అని అడిగిస్తారు. అది కాకపోతే, భర్త శవం ముంగిట ఉండగా, ఏడుస్తున్న భార్యను తీసుకొనివచ్చి మాఫ్ చేయమంటారు. అంతమంది మధ్యలో, ఆ క్షణాన, లేదనగల స్త్రీ ఎవరు? మనస్ఫూర్తిగా వదులుకోవడం వేరు, నోరు మూయించి వదిలించడం వేరు.

వరకట్నానికి ఇస్లాం ధర్మశాస్త్రంలో చోటు లేదు. అయినా తెలుగునాట, కన్నడ సీమలో, దక్కనులో అది ముస్లిముల ఇండ్లలోనూ పాతుకొన్నది. హైదరాబాదు వాడుకలో దానికి ‘జోడే కీ రఖమ్’ అని పేరు. పెండ్లికొడుకు దుస్తులకు ఇచ్చే సొమ్మన్నది నెపం, అసలు సంగతి బేరం. మంచం, బీరువా, పాత్ర సామాను జహేజ్ పేరిట వెళ్లాలి. పెండ్లి తరువాత వరుని వారు పెట్టవలసిన విందు వలీమా. అది ప్రవక్త వారి సున్నత్. కాని దానికంటె ఘనంగా, పెండ్లినాడు వధువు తండ్రి పెట్టే విందునే అందరూ లెక్కిస్తారు. 1961లో వచ్చిన వరకట్న నిషేధ చట్టం దేశంలోని అన్ని మతాల వారికీ వర్తిస్తుంది. అయితే ఆ చట్టం ‘మహర్’ను కట్నంగా లెక్కించలేదు. ఎందుకంటే మహర్ పోయే దిక్కు వేరు. అది వరుని చేతి నుండి వధువు చేతికి పోతుంది.

ఆచారాలన్నీ చెడ్డవని చెప్పడం ఉద్దేశం కాదు. పెండ్లికి ముందు పసుపు పూసే మాంజా, వరుని ఇంటి నుండి కానుకలు వచ్చే సాంచక్, పెండ్లి తరువాత ఐదు శుక్రవారాలు అల్లుని, కూతుని పిలిచి భోజనం పెట్టే జుమాగీ, వధువు మెడలో వేసే నల్లపూసల లచ్చా, ఇవన్నీ ఈ మట్టిలో పుట్టిన వేడుకలు. నల్లపూసలను చూసి పక్కింటి హిందూ ముత్తయిదువ తన మెడలోని నల్లపూసలను తడుముకుంటుంది. శతాబ్దాలుగా కలిసి బ్రతికిన వారి మధ్య ఇట్టి పోలికలు సహజం. కాని పొరుగువాని నుండి పూసలను తెచ్చుకున్నట్లే కట్నాన్నీ, కుల భేదాన్నీ కూడా తెచ్చుకోవడం శోచనీయం.

కుల భేదం అన్నప్పుడు కొందరికి ఆశ్చర్యం కలగవచ్చును. మసీదులో నమాజుకు నిలిచినప్పుడు ధనికుడు, పేద, సయ్యదు, దూదేకుల అందరూ ఒకే వరుసలో భుజం కలిపి నిలుస్తారు. పెండ్లి సంబంధం వద్దకు వచ్చేసరికి ఆ వరుస చెదిరిపోతుంది. షేకు ఇంటి పిల్లను దూదేకుల ఇంటికి ఇవ్వడానికి పెద్దలు వెనుకాడతారు. ఉర్దూ రాదని, పేర్లు తెలుగువని ఎత్తిపొడుస్తారు. ధర్మశాస్త్రంలో కఫాఅత్ అనే సూత్రం, అంటే దంపతుల మధ్య సామ్యం చూడవలెనన్న నియమం, ఉన్నమాట నిజం. అయితే దానిని కులపు గోడగా కట్టుకోవడం ప్రవక్త వారి ఆచరణకు భిన్నం. దాసత్వం నుండి విముక్తుడైన జైద్‌కు ఆయన తన మేనత్త కూతురైన జైనబ్‌ను ఇచ్చి వివాహం చేశారు. ఆ దాంపత్యం తరువాత నిలువకపోయినా, వంశగర్వం వివాహానికి అడ్డు కారాదన్న పాఠం నిలిచింది. నమాజు వరుసలో ఉన్న సమానత్వం పెండ్లి పందిరి దాకా రానప్పుడు, విశ్వాసం ఒక దారిన, సమాజం ఒక దారిన నడుస్తున్నట్లే.

సమాజం అంటే తప్పులు చేసేది మాత్రమే కాదు. నికాహ్‌ను రహస్యంగా కాక నలుగురి ఎదుట చేయమన్నది స్త్రీకి రక్షణ కల్పించడానికే. దంపతుల మధ్య కలహం వస్తే భర్త తరఫున ఒకరిని, భార్య తరఫున ఒకరిని మధ్యవర్తులుగా నియమించి రాజీకి ప్రయత్నించాలని ఖురాన్ చెబుతున్నది. ఇది సమాజానికి అప్పగించిన బాధ్యత. తలాఖ్‌కు కూడా పద్ధతి ఉన్నది. ఒక్కసారి చెప్పి, మూడు ఋతుకాలాల ఇద్దత్ గడువు పాటించాలి. ఆ గడువులో కోపం చల్లారితే భర్త మాటను వెనుకకు తీసుకోవచ్చును. ఆలోచించుకోవడానికి, పెద్దలు మాట్లాడడానికి, పిల్లల ముఖం చూడడానికి ఇచ్చిన వ్యవధి అది. ఆ వ్యవధిని చెరిపివేసి ఒక్క ఊపిరిలో మూడుసార్లు పలికే తలాఖ్‌ను పూర్వ శాస్త్రకారులే ‘బిద్దత్’ అన్నారు. అంటే దురాచారం. దురాచారమంటూనే చెల్లుతుందన్నారు. ఆ రెండవ మాటే ఎందరి బ్రతుకులనో కూల్చింది.

న్యాయస్థానాలు ఈ విషయంలో చాలా దూరం నడిచివచ్చాయి. 1985లో షాబానో కేసులో, నలభై యేండ్లకు పైగా కాపురం చేసిన వృద్ధురాలికి విడాకుల తరువాత కూడా మనోవర్తి ఇవ్వవలసినదే అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు మీద దేశంలో పెద్ద వివాదం చెలరేగి, 1986లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. 2001లో డేనియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే వ్యాఖ్యానించి, ఇద్దత్ గడువులోగా భర్త చేయవలసిన ఏర్పాటు ఆమె భవిష్యత్తు అంతటికీ సరిపోవాలని తేల్చింది. 2002లో షమీమ్ ఆరా కేసులో, సమంజసమైన కారణం, ముందుగా రాజీ ప్రయత్నం లేని తలాఖ్ చెల్లదన్నది. 2017 ఆగస్టు 22న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మూడు–రెండు ఆధిక్యంతో తక్షణ ముమ్మారు తలాఖ్‌ను కొట్టివేసింది. 2019లో పార్లమెంటు దానిని నేరంగా చేస్తూ మూడేండ్ల వరకు జైలుశిక్ష విధించింది. భర్తను జైలుకు పంపితే భార్యకు అన్నం ఎవరు పెడతారన్న ప్రశ్నను ముస్లిం స్త్రీలలోనే కొందరు లేవనెత్తారు. ఆ చర్చ సమంజసమైనదే.

తెలుగువారికి మరింత దగ్గరి సంగతి 2024 జూలై 10వ తేదీ తీర్పు. తెలంగాణ నుండి వెళ్లిన ఒక కేసులో, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ సైతం సాధారణ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద మనోవర్తి కోరవచ్చునని జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ ఆగస్టీన్ జార్జ్ మసీహ్ తీర్పు చెప్పారు. మనోవర్తి దానం కాదు, హక్కు అన్నది ఆ తీర్పు సారాంశం. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఖులా విషయంలో తీర్పు ఇచ్చింది. ఖులా అంటే భార్య తానై విడిపోవాలని కోరడం. ఆ హక్కు ఆమెకు సంపూర్ణంగా ఉన్నదని, భర్త ఒప్పుకోవడం మీద అది ఆధారపడదని ఆ తీర్పు స్పష్టం చేసింది. ఇది కొత్తగా పుట్టిన భావం కాదు. సాబిత్ బిన్ ఖైస్ అనే అతని భార్య తనకు అతనితో కాపురం ఇష్టం లేదని ప్రవక్త వారికి చెప్పుకోగా, అతడు మహర్‌గా ఇచ్చిన తోటను తిరిగి ఇప్పించి ఆమెను విడిపించారన్నది హదీసులో ఉన్నదే.

1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టం కథ కూడా తెలుసుకోదగినది. హనఫీ సంప్రదాయంలో భర్త కనబడకుండా పోయినా, తిండి పెట్టకపోయినా భార్య విడిపోవడం అత్యంత కష్టం. దారిలేక పంజాబు ప్రాంతంలో కొందరు స్త్రీలు మతమే విడిచిపెట్టసాగారు. అప్పుడు ఉలమాలలో పేరుగాంచిన అష్రఫ్ అలీ థానవీ వంటి వారు మాలికీ సంప్రదాయంలోని సులభమైన నియమాలను స్వీకరించవచ్చునని శాస్త్రసమ్మతంగా వివరించారు. ఆ ఆలోచన ఫలితంగా చట్టం వచ్చింది. నాలుగేండ్లు భర్త జాడ తెలియకపోయినా, రెండేండ్లు పోషించకపోయినా, క్రూరంగా ప్రవర్తించినా భార్య న్యాయస్థానంలో విడాకులు కోరవచ్చును. ధర్మపండితులు బాధను విని శాస్త్రాన్ని తిరిగి తెరచి చూసిన సందర్భం ఇది. విశ్వాసానికీ న్యాయానికీ వైరం లేదని చాటిన సందర్భం.

ఇన్ని హక్కులు ఉన్నవి. నికాహ్‌నామాలో భార్య షరతులు వ్రాయించుకొనే వీలు కూడా ఉన్నది. చదువు కొనసాగించడం, ఉద్యోగం చేయడం, భర్త రెండవ పెండ్లి చేసుకుంటే తనకు విడిపోయే అధికారం ఉండడం వంటివి ధర్మానికి విరుద్ధం కాని షరతులు. విడిపోయే అధికారాన్ని భార్యకు అప్పగించే ఈ పద్ధతిని తఫ్వీజ్ అంటారు. ఉన్న హక్కు వ్రాతలోకి రాకపోతే అవసరమైన నాడు దానిని చూపడానికి ఏ ఆధారమూ మిగలదు.

ఇక్కడే ఈ పాఠశాల పని మొదలవుతుంది. చిలుకూరి నారాయణరావు వంటి పండితుడు, తాను హిందువై ఉండి, గత శతాబ్దపు పూర్వార్ధంలోనే ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చారు. పిఠాపురం వాసి ఉమర్ అలీషా ముస్లిమై ఉండి తెలుగు పద్యంలో కావ్యాలు వ్రాశారు. ఇస్లాం గురించి తెలుగులో చదువుకోవడానికి ఈనాడు కొదువ లేదు. తెలుగులో ధర్మం చదవవచ్చునన్నప్పుడు తెలుగులో నికాహ్‌నామా ఎందుకు ఉండకూడదు? ఖాజీగారు అరబ్బీలో ఖుత్బా చదవవలసినదే, అది ఆరాధన. కాని ఒప్పందం చదువుకోవలసిన కాగితం. ఉర్దూ పక్కన తెలుగు, ఇక్కడ కన్నడం, ఒక పంక్తి ఉంటే మతానికి ఏమీ లోపం రాదు. వకీలు గుమ్మం దగ్గర ఆ ప్రశ్నను పిల్లకు తెలిసిన భాషలో మరొక్కసారి అడిగితే నికాహ్ మరింత దృఢమవుతుందే గాని తగ్గదు.

తల్లిదండ్రులకు కొన్ని విన్నపాలు. పిల్లకు పద్దెనిమిది నిండే వరకు, వీలైతే చదువు పూర్తయ్యే వరకు సంబంధాలు వెదకవద్దు. సంబంధం కుదిరిన తరువాత, నికాహ్‌కు కనీసం ఒక వారం ముందు, నికాహ్‌నామాను పిల్ల చేతికి ఇచ్చి చదివించండి. మహర్ ఎంత, అందులో వెంటనే ఇచ్చేది ఎంత, తరువాత ఇచ్చేది ఎంత, షరతులు ఏవి, ఆమె నోటితోనే చెప్పించండి. నికాహ్ అయిన తరువాత దాని నకలు ఒకటి ఆమె వద్దనే ఉండనివ్వండి. ప్రభుత్వం వద్ద వివాహాన్ని నమోదు చేయించండి. కర్ణాటకలో 1976 నాటి చట్టం, ఆంధ్ర ప్రాంతంలో 2002 నాటి చట్టం అన్ని మతాల వివాహాలకూ నమోదును నిర్దేశించాయి. నమోదు నికాహ్‌కు బదులు కాదు, దానికి తోడు.

ఉపాధ్యాయులకు చెప్పవలసినది ఒక్కటే. తరగతిలో వెనుక బల్ల మీద కూర్చొని, వాచకం కూడబలుక్కుంటూ చదివే ఒక ఆడపిల్లను చూచినప్పుడు, ఆమె పరీక్ష కోసం మాత్రమే చదువుతున్నదని అనుకోవద్దు. రేపు ఒకనాడు ఆమె ముందుకు ఒక కాగితం వస్తుంది. అది నికాహ్‌నామా కావచ్చు, రిజిస్ట్రారు కార్యాలయపు పత్రం కావచ్చు, పొలం దస్తావేజు కావచ్చు. ఆనాడు చుట్టూ ఉన్నవారు “ఇక్కడ సంతకం పెట్టమ్మా” అంటారు. ఆమె కలం పట్టుకొని, “ఆగండి, చదువుకోనివ్వండి” అనగలగాలి. ఆ ఒక్క మాట అనగల ధైర్యాన్ని ఇవ్వడానికే ఈ బడి, ఈ అక్షరాలు. ప్రవక్త వారికి అవతరించిన మొట్టమొదటి సందేశమే చదువును గురించిన ఆదేశమని ముస్లిములు విశ్వసిస్తారు. దానికి ఇంతకంటె తగిన ఆచరణ మరొకటి ఉండదు.

పూర్వవిద్యార్థులలో మసీదు కమిటీలలో, పంచాయతీలలో, కార్యాలయాలలో పెద్దలుగా ఉన్నవారు ఈ సభలో కలరు. ఏ మతస్థుని ఇంట పెండ్లి జరిగినా, వారిని సాక్షులుగానో పెద్దలుగానో పిలుస్తారు. సాక్షి అంటే విందుకు వచ్చిన అతిథి కాదు. ఆ అమ్మాయిని అడిగారా, ఆమెకు అర్థమయ్యిందా అని చూచేవాడు సాక్షి. ఆ బాధ్యత తెలిసినవాడు పందిట్లో ఒక్కడు ఉన్నా ఆ వివాహం ధర్మబద్ధంగా నిలుస్తుంది.

డెబ్బై ఐదు సంవత్సరాలుగా అక్షరం నేర్పిన ఈ పాఠశాల, రాబోయే తరాల ఆడపిల్లలకు తమ పేరు వ్రాసే ముందు కాగితం చదివే అలవాటును నేర్పుగాక. ఏ ధర్మంలో పుట్టినవారైనా, ఏ భాషలో అంగీకారం పలికినవారైనా, అర్థం తెలిసి పలికి సుఖంగా జీవింతురు గాక.